కంబోడియా పండుగలు, సెలవులు: మన పంచాంగంతో ఎంతవరకు లెక్క కట్టొచ్చు, ఎక్కడ తప్పుతుంది

మీరు అడిగింది ఇది: "ఉద్యోగం మీద కుటుంబంతో సహా నాంపెన్ వెళ్తున్నాం. అక్కడ ఏడాదిలో ఏయే పండుగలు, ప్రభుత్వ సెలవులు వస్తాయి? ఏ రోజుల్లో ప్రయాణాలు, పనులు పెట్టుకోకూడదు? ఇరుగుపొరుగు పండక్కి పిలిస్తే ఏం తీసుకెళ్లాలి?"

మామూలు ఏడాదిలో 22 రోజులు సెలవులండీ. వాటిలో సగం ఇంగ్లీషు తేదీలకు కట్టుబడినవి, ఎప్పటికీ మారవు: జనవరి 1, జనవరి 7 (1979లో పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ పాలన కూలిన రోజు), మార్చి 8 మహిళా దినం, మే 1, మే 14 రాజు సిహమొని పుట్టినరోజు, జూన్ 18 రాజమాత పుట్టినరోజు, సెప్టెంబర్ 24 రాజ్యాంగ దినం, అక్టోబర్ 15 మాజీ రాజు సిహనూక్ వర్ధంతి, అక్టోబర్ 29 పట్టాభిషేక దినం, నవంబర్ 9 స్వాతంత్ర్య దినం (1953), డిసెంబర్ 29 శాంతి దినం. ఇవి ఫోన్‌లో ఒక్కసారి వేసుకుంటే చాలు. ఈ రోజుల్లో బ్యాంకులు, ఆఫీసులు మూస్తారే గాని ఊరు మామూలుగానే నడుస్తుంది. సెలవు ఆదివారం పడితే మర్నాడు సెలవివ్వాలన్న కార్మిక చట్టం నియమాన్ని 2021లో తీసేశారు, ఇప్పుడు ఆ సెలవు పోయినట్టే. ఇది జీతాల లెక్క చూసేవాళ్లు మర్చిపోయే సంగతి. 2025లో నవంబర్ 9 అలాగే ఆదివారం వచ్చింది.

ఇంటర్నెట్‌లో దొరికే పాత జాబితాలను మాత్రం నమ్మకండి. 2020లో ప్రభుత్వం సెలవులు బాగా తగ్గించింది. మాఘ పౌర్ణమి (మియక్ బోచియా), జూన్ 1 బాలల దినం, అక్టోబర్ 23 పారిస్ శాంతి ఒప్పందాల దినం, డిసెంబర్ 10 మానవ హక్కుల దినం తీసేశారు. రాజు పుట్టినరోజు అంతకుముందు మూడు రోజులు ఉండేది, ఇప్పుడు ఒక్కరోజే. శాంతి దినం ఆ తర్వాత కొత్తగా చేరింది. ఏటా వచ్చే ఏడాది సెలవులను ప్రభుత్వం ముందే ఉత్తర్వుగా ఇస్తుంది, ప్రైవేటు సంస్థల కోసం కార్మిక శాఖ విడిగా ఇంకోటి ఇస్తుంది. ఆ రెండూ చూశాకే ఆఫీసు క్యాలెండర్ ఖాయం చేయండి.

మిగతా సగమే అసలు పండుగలు. తెలుగు నెలల పేర్లు వచ్చినవాళ్లకు ఇవి సులువుగా పట్టుబడతాయి, ఎందుకంటే ఖ్మేర్ (కంబోడియా ప్రజల భాష) నెలల పేర్లు మనవే. చెత్ అంటే చైత్రం, పిసాక్ వైశాఖం, చేస్ జ్యేష్ఠం, అసాత్ ఆషాఢం, స్రాప్ శ్రావణం, ఫొత్రబొత్ భాద్రపదం, అసోచ్ ఆశ్వయుజం, కదెక్ కార్తీకం. శుక్లపక్షాన్ని కౌత్ అంటారు, బహుళపక్షాన్ని రోచ్ అంటారు. "15 కౌత్ కదెక్" అని చూస్తే కార్తీక పౌర్ణమి అని చదువుకోవచ్చు.

అలాగని మన గోడ క్యాలెండర్ చూసి టికెట్లు కొనేయకండి. రెండుచోట్ల తేడా వస్తుంది. మొదటిది తిథి. మనకు సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నది ముఖ్యం. వాళ్లకు ఒక నెల 29 రోజులు, తర్వాతి నెల 30 రోజులు, ఇలా స్థిరమైన లెక్క. అందువల్ల ఒక్కరోజు అటూ ఇటూ అవుతుంది. 2024లో మన వైశాఖ పౌర్ణమి మే 23న వస్తే అక్కడ విశాఖ పూజ (బుద్ధ పూర్ణిమ) మే 22న జరిగింది. 2025లో మనకు మే 12, వాళ్లకు మే 11. రెండోది అధిక మాసం. మనకు ఏ నెలైనా అధికం కావొచ్చు, వాళ్లకు ఎప్పుడొచ్చినా ఆషాఢమే రెండుసార్లు వస్తుంది. 2023లో మనకు అధిక శ్రావణం జరుగుతున్న రోజుల్లోనే వాళ్లకు రెండో ఆషాఢం నడిచింది. దాంతో మన గురుపౌర్ణమి జులై 3న అయిపోయినా, అక్కడ భిక్షువుల వర్షావాసం (వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండే నియమం) ఆగస్టు మొదట్లో గాని మొదలు కాలేదు. భాద్రపదం వచ్చేసరికి మళ్లీ రెండు లెక్కలూ కలిసిపోతాయి. 2026లో మనకు అధిక జ్యేష్ఠం కాబట్టి ఈ తేడా జ్యేష్ఠ, ఆషాఢాల్లో కనిపిస్తుంది.

కొత్త సంవత్సరం (చౌల్ ఛ్నమ్ థ్మెయ్) మాత్రం ఉగాదితో కలవదు. అది మేష సంక్రమణం మీద నడుస్తుంది. అందుకే ఏప్రిల్ 13 లేదా 14న మొదలై సాధారణంగా మూడు రోజులు ఉంటుంది. నడిమి రోజు రెండుగా సాగిన సంవత్సరం నాలుగు రోజులవుతుంది, 2024లో 13 నుంచి 16 దాకా అలా వచ్చింది. మొదటి రోజు మహా సంక్రాన్, చివరి రోజు లోంగ్ సాక్. కొత్త దేవత దిగివచ్చే ఘడియను నిమిషంతో సహా ముందే ప్రకటిస్తారు. అది తెల్లవారుజామునైనా, రాత్రి పదింటికైనా సరే, ఆ వేళకు ఇంటి ముందు బల్ల సిద్ధంగా ఉండాలి. పళ్లు, పూలు, అయిదు కొవ్వొత్తులు, అయిదు అగరొత్తులు, సుగంధం కలిపిన నీళ్లు, అరటి దవ్వకు ఆకులు గుచ్చి చేసిన బాయ్‌సెయ్ జత, పేలాలు పెడతారు. పేలాలను వాళ్లు "లాజ్" అంటారు. పెళ్లిలో లాజహోమం చూసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

సంక్రమణం ఏ వారం పడిందో దాన్నిబట్టి ఏడుగురు అక్కచెల్లెళ్లలో ఒకరు ఆ ఏటి దేవత అవుతారు. ఆదివారమైతే గరుడుడి మీద వచ్చే తుంసా, సోమవారమైతే పులి మీద, శనివారమైతే నెమలి మీద. ఏ పువ్వు పెట్టుకుంది, ఏం తింటోంది, చేతిలో ఏ ఆయుధం ఉంది అని చూసి ఏడాది ఫలం చెబుతారు. మన పంచాంగాల్లో సంక్రాంతి పురుషుడి వాహనం, వస్త్రం, ఆహారం చదివినట్టే ఉంటుంది. పిల్లలకు ఈ పోలిక చూపిస్తే పండుగ వెంటనే దగ్గరవుతుంది.

ఒక చిక్కు చెప్పాలి. అక్కడ ఏడాది మూడుసార్లు మారుతుంది. ఎలుక, ఎద్దు లాంటి జంతువు పేరుతో ఉండే సంవత్సరం మహా సంక్రాన్ నాడు మారుతుంది. చుళ్లశకం (అక్కడి పాత సంవత్సరాల లెక్క) లోంగ్ సాక్ నాడు మారుతుంది. బౌద్ధ శకం మాత్రం విశాఖ పూజ దాటాక గాని మారదు. 2025లో ఆ పూజ దాటాక 2569 వచ్చింది. ఏప్రిల్ చివర్లో శుభలేఖలో గాని, ప్రభుత్వ కాగితం మీద గాని ఖ్మేర్ తేదీ చూసి సంవత్సరం తప్పు పడిందేమో అనుకోకండి.

ఇక ప్రయాణాల సంగతి. ఏప్రిల్‌లో నాంపెన్ ఖాళీ అయిపోతుంది. బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ప్రెయ్ వెంగ్, స్వాయ్ రియెంగ్, కంపాంగ్ చామ్ వంటి సొంతూళ్లకు పండక్కి ముందు రెండు రోజుల్లో కదులుతారు. అన్ని రోడ్లమీదా రద్దీ ఉంటుంది. సియెమ్ రీప్‌కు మామూలుగా ఆరు గంటల్లోపు పట్టే దారి ఆ సాయంత్రాల్లో ఎంతసేపు పడుతుందో చెప్పలేం. వెళ్లక తప్పదంటే పండుగ మొదటి రోజు మధ్యాహ్నం బయల్దేరండి, అప్పటికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. బస్సు టికెట్లు రెండు వారాల ముందే తీసుకోవాలి. షేర్ టాక్సీలవాళ్లు ధర పెంచుతారు కాబట్టి ఎక్కేముందే మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణం సెలవుల చివరి రోజున పెట్టుకోకండి.

సెలవు కాగితం మీద మూడు రోజులే ఉన్నా పనులు వారం నుంచి పది రోజులు నిలిచిపోతాయి. ముందు వారం అందరూ లెక్కలు తేల్చుకునే హడావుడిలో ఉంటారు, తర్వాత వారం సగంమంది ఇంకా ఊళ్లోనే ఉంటారు. వీసా పొడిగింపుకు పాస్‌పోర్ట్ ఏప్రిల్ 5 తర్వాత ఇస్తే పండుగ దాటేదాకా చేతికి రాకపోవచ్చు. ఓడరేవు నుంచి సరుకు విడిపించుకోవడం, బ్యాంకు బదిలీలు, ఇంటి రిపేర్లు కూడా అంతే. ఇంట్లో పనిచేసే మనిషికి జీతం, పండుగ డబ్బు కవర్లో పెట్టి ఊరికి వెళ్లకముందే ఇవ్వాలి, పండుగ తర్వాత ఇస్తే అర్థం లేదు. కూరగాయల బజారులో అమ్మేవాళ్లు కూడా ఊళ్లకు వెళ్తారు. మూడు నాలుగు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, కూరలు, తాగునీళ్ల డబ్బాలు ముందే తెచ్చుకోండి. క్యూఆర్ చెల్లింపులు పనిచేస్తాయి గాని చిల్లర రియెల్ నోట్లు కొన్ని దగ్గరుంచుకోండి.

పండుగ రోజుల్లో వట్‌కు (బౌద్ధాలయాన్ని అలా అంటారు) వెళ్తే ఇసుకతో చిన్న గుట్టలు కడుతూ కనిపిస్తారు. ఇసుక చేర్చిన కొద్దీ పుణ్యం పెరుగుతుందని లెక్క. మూడో రోజు బుద్ధ విగ్రహాలకు, ఆ తర్వాత ఇంట్లో తల్లిదండ్రులకు, తాత అమ్మమ్మలకు సుగంధపు నీళ్లతో స్నానం చేయిస్తారు. ఏడాదిలో చేసిన తప్పులకు క్షమాపణ అడిగేది అప్పుడే. మిమ్మల్ని ఇంటికి పిలిచి ఆ సమయానికి అక్కడ ఉంచారంటే అది చాలా పెద్ద గౌరవం. ఫోన్ పక్కన పెట్టేయండి.

ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చెంగ్ మెంగ్, జనవరి-ఫిబ్రవరిలో వచ్చే చైనా కొత్త సంవత్సరం జాబితాలో ఉండవు. అయినా చైనా మూలాలున్న కుటుంబాల దుకాణాలు, హోల్‌సేల్ కొట్లు చాలావరకు మూసేస్తారు. చెంగ్ మెంగ్ ముందు ఆదివారాల్లో సమాధుల దగ్గరకు వెళ్లే కార్లతో ఊరి బయటి రోడ్లు నిండిపోతాయి.

వైశాఖంలో రెండు సెలవులు దగ్గర దగ్గరగా వస్తాయి: పౌర్ణమి నాడు విశాఖ పూజ, ఆ తర్వాత బహుళ చవితి నాడు రాజ సేద్యోత్సవం (చ్రాట్ ప్రేహ్ నంగ్కల్). నంగ్కల్ అంటే నాగలే. మన ఏరువాక జ్యేష్ఠ పౌర్ణమికి వస్తుంది, వాళ్లది అంతకన్నా కొంచెం ముందు. రాజు తరఫున ఒకరు అరక పడతారు, రాణి తరఫున ఒకరు వెనకాల విత్తనం చల్లుతారు, మూడు చుట్లు దున్నుతారు. తర్వాత రాజుగారి ఎడ్లను విప్పి ఏడు పళ్లేల ముందుకు వదులుతారు. వాటిలో వడ్లు, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, నువ్వులు, గడ్డి, నీళ్లు, సారా ఉంటాయి. వడ్లు తింటే పంట బాగుంటుందని, గడ్డి తింటే పశువులకు రోగమొస్తుందని, సారా తాగితే దేశంలో అల్లర్లని బాకు అనే ఆస్థాన బ్రాహ్మణులు ఫలం చెబుతారు. ఏటా ఒకేచోట జరగదు, కొన్నేళ్లు రాజభవనం పక్క మైదానంలో, కొన్నేళ్లు జిల్లాల్లో చేస్తారు. చూడాలంటే స్థలం ముందుగా కనుక్కోవాలి, ఉదయం ఏడింటికల్లా అక్కడుండాలి.

ఇప్పుడు మన మనసుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే పండుగ: ప్చుమ్ బెన్. ప్చుమ్ అంటే చేరడం, బెన్ అంటే పిండం. భాద్రపద బహుళపక్షం మొత్తం, అంటే మన పితృపక్షం పదిహేను రోజులూ. మొదటి పద్నాలుగు రోజులను కాన్ బెన్ అంటారు. ఆఖరి రోజు అమావాస్య, మన మహాలయ అమావాస్యే. సెలవు ఆ అమావాస్యకు ముందు రోజు, ఆ రోజు, మర్నాడు. 2023లో అక్టోబర్ 13-15, 2024లో అక్టోబర్ 1-3, 2025లో సెప్టెంబర్ 21-23, 2026లో అక్టోబర్ 10-12. సెప్టెంబర్ చివర్లో వచ్చిన సంవత్సరం 24వ తేదీ రాజ్యాంగ దినంతో కలిసి నాలుగు రోజులవుతుంది. అక్టోబర్ మధ్యలో వస్తే 15వ తేదీ సెలవు దానిలోనే కలిసిపోయి ఒక రోజు పోతుంది.

నరకంలో ఉన్న ప్రేతాలను ఈ పక్షం రోజులు వదిలిపెడతారని, వాళ్లు తమవాళ్లు పిండం పెట్టారేమో అని ఏడు వట్‌లు తిరిగి వెతుక్కుంటారని నమ్మకం. ఎక్కడా దొరక్కపోతే శపిస్తారు. అందుకే ఎంత దూరాన ఉన్నా ఊరు చేరతారు, కొందరు ఏడు వట్‌లకూ వెళ్తారు. ఏ రోజు ఏ కుటుంబాల వంతో ముందే రాసుకుంటారు. వంతు వచ్చినవాళ్లు ఆ రాత్రి వట్‌లోనే పడుకుని వంటలు చేస్తారు.

తెల్లవారుజాము మూడున్నర, నాలుగు మధ్య బాయ్ బెన్ మొదలవుతుంది. ఉడికించిన జిగురు బియ్యం అన్నంలో నువ్వులు, కొబ్బరి కలిపి నిమ్మకాయంత ఉండలు కడతారు. చేతికి నీళ్ల తడి చేసుకోకుండా కడితే అన్నం వేళ్లకు అంటుకుని ఉండ నిలవదు. పళ్లెంలో ఉండలు, కొవ్వొత్తి, అగరొత్తి పెట్టుకుని, చెప్పులు విప్పి, విహారం (వట్‌లోని ప్రధాన మందిరం) చుట్టూ మూడుసార్లు తిరుగుతూ ఉండలను చీకట్లోకి వేస్తారు. చీకటిలోనే ఎందుకంటే ప్రేతాలు వెలుతురులోకి రాలేవు. కాబట్టి టార్చ్ వేయకూడదు, ఫోటో ఫ్లాష్ అసలే కూడదు. అన్నం పడిన గచ్చు జారుతుంది, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించాలి. తెల్లారాక వెళ్తే ఈ ఘట్టం దాటిపోతుంది.

పగలు జరిగేది బంగ్‌స్కోల్. పోయినవాళ్ల పేర్లు కాగితం మీద రాసి, కవర్లో కొంత డబ్బు పెట్టి ఇస్తే భిక్షువులు ఆ పేర్లమీద పాళీ మంత్రాలు చదువుతారు. మన పెద్దల పేర్లు ఇచ్చినా కాదనరు. పేరు ఇంగ్లీషులో రాస్తే చదవడం కష్టం, పక్కింటివాళ్ల చేత ఖ్మేర్‌లో రాయించుకుని వెళ్లండి.

పిలుపు వస్తే తీసుకెళ్లాల్సింది వండిన భోజనం. క్యారియర్లో పట్టుకెళ్లడమే అక్కడి పద్ధతి, మన టిఫిన్ క్యారియర్ లాంటిదే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటాక తినరు. పదకొండు లోపు వడ్డన అయిపోవాలి, మీరు పదిన్నరకే అక్కడుండాలి. పులిహోర, కొబ్బరన్నం నిక్షేపంగా ఇవ్వొచ్చు. తెల్ల చొక్కా లేదా తెల్ల జాకెట్టు, మోకాలు దాటిన బట్ట, కప్పిన భుజాలు. భిక్షువును ఆడవాళ్లు తాకకూడదు, చేతికి ఏదీ అందించకూడదు, ఎదుట బట్టమీద పెట్టాలి. కూర్చున్నప్పుడు కాళ్లు పక్కకు మడుచుకోవాలి, పాదాలు బుద్ధుడి వైపు ఉండకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు మీకు నుమ్ అన్సామ్ చేతిలో పెడతారు. జిగురు బియ్యం, పొట్టు తీసిన పెసరపప్పు, మధ్యలో పంది మాంసం పెట్టి అరటాకులో చుట్టిన గుండ్రటి కట్ట అది. శాకాహారులు "అన్సామ్ చేక్" అని అడగాలి, లోపల అరటిపండు ఉంటుంది. నుమ్ కోమ్ ఇంకా మేలు: కోన్‌లా మడిచిన ఆకులో కొబ్బరి, తాటిబెల్లం కూరిన పిండి. మన పూర్ణం రుచికి దగ్గర. అన్సామ్ చుట్టేటప్పుడు చేయి కలపమంటే రెండు విషయాలు చూసుకోండి. ఆకును ఎండలో గాని సెగమీద గాని వాడ్చాలి, లేకపోతే మడతలో చీలుతుంది. తాడు వదులుగా కడితే నీళ్లు లోపలికి పోయి అన్నం జావవుతుంది. అయిదారు గంటలు ఉడకాలి. నీళ్లు కట్టల పైదాకా ఉండాలి, తగ్గితే మరిగే నీళ్లే పోయాలి, లేదంటే పైవరుస పలుకు మిగిలిపోతుంది.

ప్చుమ్ బెన్ తర్వాత ఆశ్వయుజ పౌర్ణమితో భిక్షువుల వర్షావాసం ముగుస్తుంది. అక్కడి నుంచి కార్తీక పౌర్ణమి దాకా నెలరోజులు కథెన్. ఒక వట్‌కు ఏడాదికి ఒక్కసారే చీవర దానం (భిక్షువులకు వస్త్రాలివ్వడం) జరగాలి కాబట్టి ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట ఊరేగింపు ఉంటుంది. సెలవు లేదు, రోడ్డు మాత్రం ఆగుతుంది.

కార్తీక పౌర్ణమికి నీటి పండుగ, బొన్ ఒమ్ టూక్: ముందు రోజు, పౌర్ణమి, మర్నాడు. 2024లో నవంబర్ 14-16, 2025లో 4-6, 2026లో 23-25. వానాకాలంలో మెకాంగ్ పోటుకు తొన్లే సాప్ నది వెనక్కి, సరస్సు వైపు పారుతుంది. వరద తగ్గాక మళ్లీ మెకాంగ్ వైపు తిరుగుతుంది. పండుగ ఆ మలుపుకే. పడవలు ఊళ్ల వట్‌లవి, పెద్దవాటిలో డెబ్భై ఎనభైమంది తెడ్డు వేస్తారు. వరదలొస్తే పందేలు రద్దవుతాయి, 2011లో అలాగే జరిగింది. సెలవు చూసి కాకుండా, పందేలు ఉన్నాయని ప్రకటించాకే చుట్టాలను పిలవండి.

పందేలున్న మూడు రోజులూ రాజభవనం ముందు నదీతీరం రోడ్డుమీద వాహనాలు వదలరు. హోటల్ అక్కడ తీసుకుంటే సామానుతో నడవాలి. 2010 నవంబర్ 22న ఈ పండుగలోనే నాంపెన్‌లోని కోహ్ పిచ్ దీవి వంతెన మీద తొక్కిసలాటలో 340 మందికి పైగా చనిపోయారు. పిల్లలతో వెళ్తే వంతెనలు ఎక్కకండి, చీకటి పడేటప్పుడు గుంపు మధ్యలో ఉండకండి, తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, దీపాల పడవలు మొదలయ్యేసరికి నదికి కాస్త ఎడంగా ఉన్న మేడమీదకు చేరితే హాయిగా చూడొచ్చు.

పౌర్ణమి రాత్రి ఇళ్లలో, వట్‌లలో చంద్రుడికి మొక్కుతారు. కొవ్వొత్తులను తిప్పుతూ మైనం అరటాకుమీద ఎంత చుక్కలు పడిందో చూసి వచ్చే ఏడు వాన ఎక్కడ ఎంతో చెబుతారు. తర్వాత అంబోక్ తింటారు. అవి అటుకులే. కొత్త వడ్లను వేయించి వేడి మీదే రోట్లో ఇద్దరు దంచుతారు, ఒకరు గరిటెతో కలుపుతుంటారు. చల్లారాక దంచితే గింజ అణగదు, నూకవుతుంది. అరటిపండు, కొబ్బరినీళ్లతో కలుపుకుని తింటారు. పండుగ వారంలో రోడ్డు పక్కన సంచుల్లో అమ్ముతారు. కొత్త వడ్లవి కాస్త పచ్చగా, మెత్తగా ఉంటాయి. అవి ఏరి తెచ్చుకుని రెండు మూడు రోజుల్లో తినేయండి. తడి ఎక్కువ కాబట్టి డబ్బాలో మూతపెట్టి ఉంచితే బూజు పడుతుంది.